వార్షిక నివేదిక 2024–25: రికార్డుకెక్కని గంటల మీద మన పని

కాలనీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

మామూలు పనుల సంగతి ముందే క్లుప్తంగా చెప్పేస్తాను. డ్రైనేజీ లైను పూర్తయింది. కమ్యూనిటీ హాలుకు రంగులు వేయించాం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ ఏడాది ఎక్కువ శ్రమ పడింది మాత్రం పోలీసులు పట్టుకెళ్లినవాళ్ల తరఫున నిలబడే మన న్యాయ సహాయ కమిటీయే, అందుకే నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

ఈ కమిటీ ఎందుకు పుట్టిందో కొత్త సభ్యులకు తెలియకపోవచ్చు. 2021 జూన్‌లో దొంగతనం అనుమానంతో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌కు తెచ్చిన ఒక దళిత మహిళ అక్కడే ప్రాణం విడిచింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల నుంచి తొలగించారు. 2023 జనవరి చివర్లో, చైన్ స్నాచింగ్ కేసులో సీసీటీవీ బొమ్మతో పోలిక ఉందంటూ మెదక్ పోలీసులు ఒక కూలీని హైదరాబాద్ నుంచి పట్టుకెళ్లారు. కొన్ని రోజుల తర్వాత వదిలేశారు. తనను ఎలా కొట్టారో ఆసుపత్రి మంచం మీద నుంచే వీడియోలో చెప్పి, ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. హైకోర్టు ఆ కేసును తనంతట తానే విచారణకు తీసుకుంది. ఇద్దరూ రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్లు. ఇద్దరినీ తీసుకెళ్లింది అనుమానం మీదే. మన కాలనీలో అలాంటి కుటుంబాలే ఎక్కువ కాబట్టి, చూస్తూ ఊరుకోకూడదని అప్పటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం.

చట్టం చదివేకొద్దీ మాకు ఒక విషయం తేటతెల్లమైంది. దెబ్బలు పడేది ఎక్కువగా అరెస్టు చూపించక ముందే. మనిషిని ఇంటి నుంచి తీసుకెళ్లిన టైముకీ, కాగితం మీద అరెస్టు రాసిన టైముకీ మధ్య ఉన్న గంటలకు లెక్కాపత్రం ఉండదు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. అరెస్టు టైమే రాయకపోతే ఆ 24 గంటలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? పశ్చిమ బెంగాల్‌లో న్యాయ సహాయ సంస్థ నడిపిన డి.కె. బసు, లాకప్ మరణాల వార్తలు చూసి 1986లో సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. దాన్నే పిటిషన్‌గా తీసుకుని 1996 డిసెంబర్‌లో కోర్టు తీర్పిచ్చింది. తేదీ, టైముతో అరెస్టు మెమో రాయాలి, దాని మీద ఇంటివాళ్లో, ఆ ప్రాంతంలో పరువున్న మనిషో సాక్షి సంతకం చేయాలి, బంధువుకు కబురు పెట్టాలి అని అందులో ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ (అరెస్టు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టం) ఈ రక్షణలు ఉన్నాయి. కానీ అడిగేవాళ్లు స్టేషన్ మెట్లెక్కితేనే ఇవి పనిచేస్తాయి.

అందుకే ఈ ఏడాది జేబులో పట్టే కార్డు అచ్చు వేయించి ఇంటింటికీ పంచాం. అరెస్టు కారణాలు అడిగే హక్కు, విచారణ సమయంలో లాయరును కలిసే హక్కు, వైద్య పరీక్ష, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు అందులో ఉన్నాయి. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లను స్టేషన్‌కు పిలవకూడదు, ఇంటి దగ్గరే అడగాలి అన్న మాట చదివి చాలామంది అక్కచెల్లెళ్లు ఆశ్చర్యపోయారు. విచారణకు రమ్మనే పోలీసు నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక, ఆ ముక్క కూడా చేర్చి మళ్లీ అచ్చు వేయించాం.

వర్షాకాలంలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. పేర్లు చెప్పను. డెలివరీ పని చేసే మన కాలనీ కుర్రాడిని సెల్‌ఫోన్ దొంగతనం కేసంటూ రాత్రి టీ కొట్టు దగ్గర బండెక్కించారు. వాళ్లమ్మ ఏడుస్తూ వచ్చింది. కమిటీ సభ్యులు, మన లాయరమ్మ వెంటనే స్టేషన్‌కు వెళ్లారు. "అరెస్టేం లేదమ్మా, మాట్లాడటానికి పిలిచాం" అన్నారు పోలీసులు. అయితే ఇంటికి పంపండి, లేదంటే అరెస్టు మెమో రాయండి అని లాయరమ్మ నిలబడే అడిగింది. ఎన్ని గంటలకు తీసుకెళ్లారో రాసి అర్జీ ఇస్తే, అందినట్టు ముద్ర వేయలేదు. అక్కడే నిలబడి ఆ అర్జీని ఫొటో తీసి పై అధికారులకు ఈమెయిల్ పంపాం. తెల్లవారకముందే కుర్రాడిని వదిలేశారు. అరికాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి మెడికో లీగల్ కేసుగా, అంటే రేపు కోర్టుకు పనికొచ్చేలా గాయాలను రికార్డు చేసి, రాయించాం. ఫిర్యాదు చేద్దామంటే ఆ తల్లి వద్దంది, రేపు మళ్లీ ఆ రోడ్డు మీదే బండి నడపాలి కదా అంది. ఆమె మాట కాదనలేదు. ఆసుపత్రి కాగితాలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

ఎందుకు కొడతారు అన్న ప్రశ్నకు మన సభ్యుడైన రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గారు సమావేశంలో దాపరికం లేకుండా జవాబు చెప్పారు. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. కానీ ఆ మాట వల్ల దొరికిన వస్తువు, దానికి సంబంధించినంత మేరకు ఆ మాట, సాక్ష్యంగా చెల్లుతాయి. కొత్త సాక్ష్య చట్టంలోనూ అంతే. పైనుంచి రికవరీ (పోయిన సొత్తు రాబట్టడం) ఎంతైంది అని అడుగుతూనే ఉంటారు, కింద లాఠీ లేస్తుంది. మనసులో మాట చెప్పినందుకు ఆయనకు కృతజ్ఞతలు. కారణం తెలుసుకోవడం అంటే కొట్టడాన్ని సమర్థించడం కాదు. ఒప్పించడానికి కొడితే ఏడేళ్ల దాకా, తీవ్ర గాయమైతే పదేళ్ల దాకా జైలు శిక్ష పడుతుందని, నేరాలకు శిక్షలు చెప్పే కొత్త చట్టం భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ చెబుతుంది.

ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, లోపలికీ బయటికీ వెళ్లే దారులు కనిపించేలా కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దీని మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. కెమెరాలున్నాయని జవాబొచ్చింది. ఎన్నాళ్లు దాస్తున్నారో చెప్పలేదు. అప్పీలు వేశాం.

నాగరిక సురక్షా సంహితలో ఒక మార్పు మమ్మల్ని టెన్షన్ పెడుతోంది. పోలీసు కస్టడీని ఇదివరకు రిమాండు మొదటి 15 రోజుల్లోనే అడగాలి. ఇప్పుడు ఆ 15 రోజులనే విడతలుగా, కేసును బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లోపు ఎప్పుడైనా అడగవచ్చు. జైలుకు వెళ్లినవాణ్ణి మళ్లీ స్టేషన్‌కు తేవచ్చన్నమాట. దీని మీద లాయర్లతో ఒక సదస్సు పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది.

రాత్రిపూట ఫోనెత్తి స్టేషన్‌కు వెళ్లగలిగే వాళ్ల జాబితాలో ఇప్పుడు మగవాళ్లే ఎక్కువ. కనీసం సగం మంది మహిళలు కావాలి. పేర్లు ఇచ్చేవారు ఈ రోజు సమావేశం ముగిసేలోపు కార్యదర్శి దగ్గర రాయించండి. లాయరు ఫీజులు, ఆసుపత్రి ఖర్చుల కోసం విడిగా ఒక నిధి పెట్టే తీర్మానం ఎజెండాలో ఉంది, దానికి మీ ఆమోదం కోరుతున్నాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి