పేరు పక్కన ఆధారం కూడా రాయండి

గౌరవ సంపాదకులకు,

వంశవృక్షం తయారు చేసుకోవాలన్న ఉత్సాహం ఈమధ్య చాలా ఇళ్లలో కనిపిస్తోంది. సంతోషమే. కానీ ఎక్కువమంది చేసేదేమిటంటే, ఫోన్లో ఓ యాప్ దించుకుని, గుర్తున్న పేర్లన్నీ పేర్చి, పై కొమ్మకి ఎవరో రాజుగారిని తగిలించి ఫ్రేము కట్టించేయడం. ఇందులో ఫలానా పేరు ఎవరు చెప్పారు, ఏ కాగితంలో ఉంది అని అడిగితే జవాబుండదు. రాసేటప్పుడు అంతా గుర్తుంటుందనిపిస్తుంది. పదేళ్లు పోయాక, ఆ పేరు అమ్మమ్మ చెప్పిందో, ఇంటర్నెట్లో దొరికిందో, తోచింది రాసేశారో రాసినవాళ్లకే తెలియదు. ఈ పనికి దిగాలనుకునే పాఠకుల కోసం కొన్ని విషయాలు రాస్తున్నాను.

మొదలుపెట్టాల్సింది మనతోనే. మననుంచి అమ్మానాన్నలకి, వారినుంచి వారి తల్లిదండ్రులకి, ఒక్కో మెట్టే వెనక్కి వెళ్లాలి. ఎవరో ప్రసిద్ధుణ్ణి పట్టుకుని ఆయన దగ్గర్నుంచి కిందికి దిగుతూ మనదాకా వద్దామనుకుంటే, మధ్యలో ఎక్కడో ‘అయ్యుండొచ్చు’ అన్నది ‘అయ్యాడు’గా మారిపోతుంది. ఇంటర్నెట్లో ఉన్న చెట్లలో చాలావాటికి జరిగింది ఇదే. ఒకరి పొరపాటుని యాభైమంది కాపీ చేసుకుంటే అది యాభై సాక్ష్యాలు కాదు, ఒకే పొరపాటు.

కాగితాలకంటే ముందు మనుషుల్ని అడగాలి. కాగితం రేపూ ఉంటుంది. పెద్దవాళ్లని కూర్చోబెట్టి గంట, మహా అయితే గంటన్నర మాట్లాడించండి. అంతకు మించితే అలసట వల్ల పేర్లు కలగాపులగం అవుతాయి. ఫోన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద, మాట్లాడేవారికి చేతికందే దూరంలో ఉంచండి. ఉత్త బల్లమీద పెడితే ప్రతి చప్పుడూ దడదడమంటూ రికార్డవుతుంది. ఫ్యాను, టీవీ ఆపేయండి. వీలైతే వేవ్ ఫైలుగా (శబ్దాన్ని కుదించకుండా దాచేది) రికార్డు చేయండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనోలో గంటకి సుమారు 520 ఎంబీ అవుతుంది, ఇప్పటి ఫోన్లకి అదేం లెక్క కాదు. రికార్డింగు మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడుతున్నది ఎవరో గట్టిగా చెప్పండి. ఫైలు పేరు మారినా గొంతులో ఆ వివరం ఉండిపోతుంది.

‘ఏ సంవత్సరంలో పుట్టారు?’ అన్నది దాదాపు పనికిరాని ప్రశ్న. తెలియకపోయినా మర్యాదకి ఏదో ఒక అంకె చెప్పేస్తారు. ‘పెద్దక్క పెళ్లి నాటికి చిన్న తమ్ముడు నడుస్తున్నాడా, చంకలో ఉన్నాడా?’ అని అడగండి, వరుసక్రమం దానంతటదే బయటపడుతుంది. పాత ఫొటో చేతికిస్తే ఇంకా మంచిది. ఫొటోలో ఎడమనుంచి ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ, ‘ఎడమ నుంచి మూడో ఆవిడ’ అని మీరు నోటితో కూడా చెప్పాలి. లేకపోతే రికార్డింగులో ‘ఈవిడ మా పిన్ని, ఈయన ఆవిడ మరిది’ అని వినిపిస్తుందే తప్ప, ఎవరు ఎవరో తేలదు. అలాగే ‘మామయ్య’ అన్న మాటని ఉన్నదున్నట్టు చెట్టులోకి ఎక్కించకండి. అమ్మ తమ్ముడా, మేనత్త భర్తా, పెళ్లాం తండ్రా అని అక్కడికక్కడే అడిగి రాసుకోవాలి.

ఇక కాగితాల సంగతి. ఒకే పత్రంలో ఒక వివరం గట్టిది, ఇంకొకటి డొల్లది కావచ్చు. మరణ ధ్రువపత్రంలో పోయిన తేదీ సాధారణంగా నమ్మదగ్గదే, అప్పుడే జరిగింది కనక. అదే పత్రంలోని వయసు మాత్రం, ఆ దుఃఖంలో ఎవరో అడిగితే ఇంకెవరో చెప్పిన అంకె. వయసులు 50, 55, 60 అంటూ సున్నాలతోనో అయిదులతోనో ముగుస్తుంటే అవి ఉజ్జాయింపు లెక్కలే. పుట్టినరోజు జనవరి 1 అనో జులై 1 అనో ఉంటే కాస్త అనుమానించాలి.

1931 నాటి దస్తావేజులో ఒకావిడ వయసు 62 అని ఉందనుకుందాం. చటుక్కున 1869 అని రాసేస్తాం. కానీ 62 నిండాయంటే ఆమె పుట్టింది 1868లోనో 1869లోనో. 62 నడుస్తోందన్న అర్థంలో రాసి ఉంటే 1869లోనో 1870లోనో. కాబట్టి రాయాల్సింది ఇలా: ‘జననం 1868–1870 మధ్య. ఆధారం: 1931 దస్తావేజు, నంబరు ఇంత, రెండో పేజీ, అసలు ప్రతి ఫలానావారి దగ్గర ఉంది, చూసిన తేదీ ఇది.’ ఇంత చాదస్తమెందుకని అనిపించవచ్చు. రేపు ఇంకో కాగితంలో 1866 అని కనిపించినప్పుడు, ఏది నమ్మాలో తేల్చుకోవడానికి పనికొచ్చేది ఈ చాదస్తమే. కొత్తది దొరికిందని పాతది కొట్టేయకండి, రెండూ ఉంచండి. తేదీల్లో నెలని అక్షరాల్లో రాయండి. 04/05/1947 అంటే కొన్ని దేశాల్లో మే 4, కొన్నిచోట్ల ఏప్రిల్ 5. పాత కాగితంలో వేరే క్యాలెండరు తేదీ ఉంటే, ముందు దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాసి, మార్చిన తేదీ పక్కన వేయాలి. పాత జూలియన్ లెక్కనుంచి ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండరుకి మారడంతో, ఇంగ్లండులో 1752 సెప్టెంబరు 2 మర్నాడు 14వ తేదీ వచ్చింది. రష్యా 1918 దాకా పాత లెక్కలోనే ఉంది. మార్చేటప్పుడు పొరపాటు చేసినా, అసలు తేదీ చెక్కుచెదరకుండా ఉంటే దిద్దుకోవచ్చు.

చెట్టు కొంత పెరిగాక తరాల మధ్య ఎడం చూడండి. తరానికి పాతిక ముప్ఫై ఏళ్లు మామూలు. తండ్రికీ కొడుక్కీ మధ్య అరవై ఏళ్లు కనిపిస్తే, అది అసాధ్యం కాదు గానీ, ఎక్కువసార్లు మధ్యలో ఒక తరం జారిపోయి ఉంటుంది. తాత పేరే మనవడికి పెట్టిన కుటుంబాల్లో ఇది మరీ ఎక్కువ. ఇద్దరూ కలిసి ఒకే మనిషైపోతారు, మధ్యవాడు మాయమవుతాడు. తల్లికి పన్నెండేళ్లకో అరవై ఏళ్లకో బిడ్డ పుట్టినట్టు లెక్క వస్తుంటే, అక్కడ ఇద్దరు భార్యలని ఒకరిగా రాసేసి ఉండవచ్చు.

పూర్వీకులకి వరసగా అంకెలు వేయడానికి పాత పద్ధతి ఒకటుంది. మీరు 1. ఎవరి అంకెనైనా రెట్టింపు చేస్తే వారి తండ్రి, ఆ రెట్టింపుకి ఒకటి కలిపితే తల్లి. అంటే నాన్న 2, అమ్మ 3, అమ్మ నాన్న 6, ఆయన తల్లి 13. మీ సంగతి వదిలేస్తే సరి అంకెలన్నీ మగవారు, బేసి అంకెలన్నీ ఆడవారు. 1590లో ఆస్ట్రియా చరిత్రకారుడు ఐట్‌సింగర్ ఈ లెక్క వాడాడు, తర్వాత సోసా, స్ట్రాడొనిట్స్ అనే వంశావళికారుల పేర్లతో స్థిరపడింది. దీంతో ఇంకో మేలుంది, ఖాళీలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చాలా ఇళ్లలో 2, 4, 8, 16 నిండి ఉంటాయి. 5, 7, 9, 11 బోసిగా ఉంటాయి. ఇంటిపేరు వెంట పడినందువల్ల వచ్చిన తంటా ఇది. పదో తరంలో 1,024 స్థానాలుంటే, ఇంటిపేరు దారి వాటిలో ఒక్కదానికే వెళుతుంది. 30వ తరంలో స్థానాలు 107 కోట్లు దాటుతాయి. అప్పటి ప్రపంచంలో అంతమంది లేరు, కాబట్టి ఒకే మనిషి ఎన్నో స్థానాల్లో ఉండి తీరాలి. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లయితే ఇది మూడో నాలుగో తరంలోనే ఎదురవుతుంది. అప్పుడు వివరాలన్నీ చిన్న అంకె దగ్గర రాసి, పెద్ద అంకె దగ్గర ‘ఫలానా అంకె చూడండి’ అంటే చాలు.

ఈ పద్ధతిలో అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ చోటు లేదు. వారికోసం మూలపురుషుడు 1, ఆయన పిల్లలు 1.1, 1.2, ఆ రెండో బిడ్డ సంతానం 1.2.1 అంటూ పైనుంచి కిందికి దిగే అంకెలు వాడతారు. అందులో చిక్కేమిటంటే, పసితనంలోనే పోయిన పెద్దబిడ్డ ఒకరున్నారని ఎప్పుడో తెలిసిందంటే కిందివాళ్ల అంకెలన్నీ మార్చాలి. అందుకే ప్రతి మనిషికీ ఎన్నటికీ మారని ఒక వరస నంబరు ఇచ్చేయండి, ఫొటోలకీ ఫైళ్లకీ అదే వాడండి. మిగతా అంకెలు అచ్చువేసేటప్పటి అలంకారం. దత్తత ఉంటే కన్నవారినీ పెంచినవారినీ ఇద్దరినీ రాయాలి, ఒకరి కోసం ఇంకొకరిని చెరిపేయకూడదు.

డీఎన్‌ఏ పరీక్ష గురించి రెండు ముక్కలు. దగ్గరి బంధుత్వం తేల్చడానికి అది బాగా పనికొస్తుంది: సొంత తోబుట్టువుల మధ్య ఉమ్మడిగా ఉండేది సగటున 2,600 సెంటీమోర్గాన్లు (ఉమ్మడి డీఎన్‌ఏని కొలిచే ప్రమాణం), ఒకే తాత మనవలైన రెండిళ్ల పిల్లల మధ్య సుమారు 850. ముత్తాత తండ్రి దగ్గర కలిసేవారిలో పదిమందిలో ఒకరికి ఉమ్మడిగా ఏమీ కనిపించకపోవచ్చు, అంతమాత్రాన చుట్టం కాకుండా పోరు. తరతరాలుగా బంధువుల్లోనే పెళ్లిళ్లు జరిగిన చోట దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. ఒక పరీక్షల సంస్థనుంచి 2023లో సుమారు 69 లక్షలమంది వివరాలు బయటికి పోయాయి. మీ డీఎన్‌ఏ మీ ఒక్కరిదే కాదు, మీ పిల్లలది కూడా. అది మరిచిపోయి ట్యూబులో ఉమ్మకండి.

దాచడంలో జరిగే నష్టం వెతకడంలో జరిగే నష్టంకంటే ఎక్కువ. పాత కాగితాన్ని లామినేషన్ చేయించకండి, మళ్లీ విడదీయలేరు. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాస్తే గీత ముందువైపుకి పొడుచుకొస్తుంది. మెత్తటి పెన్సిలుతో, అంచున రాయాలి. స్కాను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), వివరం పోకుండా దాచే టిఫ్ ఫైలుగా చేయండి. పాస్‌పోర్టు సైజు ఫొటోకి 1200 పెట్టండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే వివరం నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. వంశవృక్షాన్ని ఏ యాప్‌లో తయారు చేసినా ఆరునెలలకోసారి గెడ్‌కామ్ ఫైలుగా (వంశవృక్షాల యాప్‌లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఫైలు రకం) బయటికి తీసుకోండి. యాప్ మూతబడినా ఆ ఫైలు ఇంకో యాప్‌లో తెరుచుకుంటుంది. ఫైలు తీసేటప్పుడు అక్షరాల ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోవచ్చు. గెడ్‌కామ్‌లో ఎక్కువగా వాడుకలో ఉన్న 5.5.1 రకంలో ఫొటోలు ఫైలుతోపాటు రావు, వాటిని విడిగా దాచాలి. బతికున్నవారి పుట్టినతేదీలూ తల్లి పుట్టింటిపేరూ బహిరంగంగా పెట్టకండి. బ్యాంకులు రహస్య ప్రశ్నలుగా అడిగేది వాటినే.

చివరగా మీకో విన్నపం. రాబోయే తరాలవారికి మీ పత్రికలోని శ్రద్ధాంజలి ప్రకటన కూడా ఒక ఆధారమే. కానీ చాలా ప్రకటనల్లో ‘ఈ నెల 12న’ అనే ఉంటుంది. ఆ నెలా సంవత్సరమూ పేజీ పైన ఉంటాయి, కత్తిరించినవారు ఆ పైభాగం పారేస్తారు. ప్రకటన తీసుకునే ఫారంలో పుట్టిన సంవత్సరం, పోయిన పూర్తి తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఆడవారికైతే పుట్టింటిపేరు అని నాలుగు గళ్లు చేర్చగలరా? మహా అయితే రెండు వరుసలు పెరుగుతాయి. ఆ రెండింటికీ డబ్బు తీసుకోకపోతే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక పాఠకుడు