22 ఏళ్ల కుర్రాడి తలలో ఒకే రోజు 3,500 గ్రాఫ్టులు: మీ క్లినిక్‌పై ఫిర్యాదు

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మీ కూకట్‌పల్లి బ్రాంచ్‌లో మా తమ్ముడికి చేసిన హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి.

నమస్కారం. మా తమ్ముడి తరఫున, అతని అంగీకారంతో ఈ లేఖ రాస్తున్నాను. కింద తన సంతకం కూడా ఉంది. మీ కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేశాం, మెయిళ్లు పెట్టాం. "ఓపిక పట్టండి, జుట్టు వస్తుంది" అన్న మాట తప్ప వేరే జవాబు రాలేదు. అందుకే నేరుగా మీకు రాయాల్సి వచ్చింది.

నాటిన వెంట్రుకలు రాలిపోయాయని మేం ఫిర్యాదు చేయడం లేదు. సర్జరీ అయిన కొన్ని వారాల్లో అవి రాలతాయని, కుదుళ్లు లోపలే ఉండి మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలవడం మొదలవుతుందని, పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది పడుతుందని మాకు తెలుసు. ఆ ఏడాది గడిచింది. నాటినవి చాలావరకు మొలిచాయి కూడా. అసలు ఆ వయసులో, ఆ తలకు ఈ సర్జరీ చేయవచ్చా అని మీ దగ్గర ఒక్కరూ ఆలోచించకపోవడమే మా ఫిర్యాదు.

అప్పటికి తనకు 22 ఏళ్లు. నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోవడం మొదలైంది. మా నాన్నగారికీ, ఇద్దరు మేనమామలకీ 40 దాటేసరికి నడినెత్తిన జుట్టు లేదు. ఈ సంగతి మీ బ్రాంచ్‌లో ఎవరూ అడగలేదు. తను మాట్లాడింది డాక్టర్‌తో కాదు, మీరు కౌన్సెలర్ అని పిలిచే ఉద్యోగితో. ఆమె ఫోన్‌లో ఫొటోలు తీసి, ఎన్ని గ్రాఫ్టులు, అంటే తీసి నాటే కుదుళ్లు, కావాలో లెక్క చెప్పి, నెలకు ఈఎంఐ ఎంత పడుతుందో చూపించి, ఆఫర్ ఆ సాయంత్రంతో అయిపోతుందన్నారట. పెళ్లిచూపుల మాట కూడా తెచ్చారట. జుట్టు ఊడుతోందని అసలే టెన్షన్‌లో ఉన్న కుర్రాడు అక్కడికక్కడే అడ్వాన్స్ కట్టేశాడు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. కింద రాస్తున్నది మీకు తెలియనిది కాదు. కానీ ఇందులో ఒక్క మాటా మా తమ్ముడికి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మగవారికి వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో డీహెచ్‌టీ అనే హార్మోన్ ప్రభావంతో నుదుటి దగ్గర, నడినెత్తిన ఉన్న కుదుళ్లు క్రమంగా చిక్కిపోతాయి. తల వెనక భాగంలోని కుదుళ్లు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి, వేరే చోట నాటినా ఆ గుణం వాటితోనే ఉంటుంది. న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ప్రచురించిన ఈ సంగతి మీదే ఈ వైద్యమంతా నిలబడింది. మీరు చేసిన ఎఫ్‌యూఈ పద్ధతిలో సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పుండే పంచ్ అనే గుండ్రటి పరికరంతో తల వెనక నుంచి కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి, జుట్టు లేని చోట సన్నటి గాట్లు పెట్టి నాటుతారు. ఒక్కో గ్రాఫ్టులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. నారుమడిలో నారు తీసి పొలంలో నాటినట్టే, కాకపోతే ఈ మడిలో మళ్లీ విత్తనం చల్లలేం. తీసిన చోట ఇక మొలవదు. జీవితమంతటికీ ఉన్న నిల్వ అదే. అందులో 22 ఏళ్లకే ఎంత వాడాలన్నది, 45 ఏళ్లకు ఆ తల ఎలా ఉండబోతోందో అంచనా వేశాక తేల్చాల్సిన విషయం.

మీరు ఒకే రోజు 3,500 గ్రాఫ్టులు తీశారు. అన్నీ ముందు భాగంలోనే, హెయిర్‌లైన్‌ను బాగా కిందికి దించి నాటారు. ఇప్పుడు ఆ వరసకు వెనక, తన సొంత జుట్టు పలచబడుతూ పోతోంది. ముందు ఒత్తుగా, దాని వెనక ఖాళీగా కనిపిస్తోంది. తల వెనక చిన్నగా కత్తిరిస్తే తెల్లటి చుక్కలు, అక్కడక్కడా పలచటి మచ్చలు బయటపడుతున్నాయి. క్యాప్ లేకుండా వాడు ఆఫీసుకు పోవడం మానేశాడు.

మేం చూపించిన మరో చర్మవ్యాధి నిపుణురాలు చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మాస్కోప్‌తో చూసి, వెనక భాగంలో అవసరానికి మించి తీశారని, నడినెత్తిన కుదుళ్లు ఇంకా చిక్కిపోతూనే ఉన్నాయని రాసిచ్చారు. ముందు మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ వంటి మందుల గురించి మంచీ చెడూ చెప్పి, రాలడం అదుపులోకి వచ్చిందో లేదో కొంతకాలం చూసి, ఆ తర్వాతే సర్జరీ ఊసెత్తాల్సిందని ఆవిడ అన్నారు. మీ దగ్గర ఇచ్చిన కాగితంలో "పర్మనెంట్" అని ఉంది తప్ప, నాటని జుట్టు రాలుతూనే ఉంటుందని ఎక్కడా లేదు.

ఈ సర్జరీ మీద మాకు కోపం లేదు. మా చిన్న మేనమామ 48 ఏళ్లప్పుడు వేరే చోట చేయించుకున్నారు. బట్టతల ఎంతవరకు పోవాలో అంతా పోయి నిలిచింది, వెనక జుట్టు దట్టంగా ఉంది, కుర్రతనంలోని జుట్టు కావాలని ఆయన అడగలేదు. బాగా కుదిరింది. అలాంటివారికి ఇది సరిపోతుంది. పేనుకొరుకుడు ఉన్నవారికీ, టైఫాయిడ్ వంటి జ్వరం తర్వాత తాత్కాలికంగా రాలుతున్నవారికీ, తల వెనక కూడా పలచబడుతున్నవారికీ సాధారణంగా సరిపోదు. ఎవరు ఏ కోవలో ఉన్నారో చెప్పాల్సింది డాక్టర్. మీ దగ్గర ఆ పని అమ్మకాల విభాగం చేస్తోంది.

ఇంకో విషయం. డాక్టర్ గారు వచ్చి పెన్నుతో గీత గీసి వెళ్లారని, కుదుళ్లు తీయడం, గాట్లు పెట్టడం, నాటడం అన్నీ టెక్నీషియన్లే చేశారని మా తమ్ముడు చెప్తున్నాడు. డిశ్చార్జ్ కాగితం మీద సర్జన్ పేరే లేదు. ఈ సర్జరీని తగిన శిక్షణ పొందిన డాక్టర్లే చేయాలని, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకోవడం సరిపోదని 2022 సెప్టెంబర్‌లో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. మీ బ్రాంచ్‌లో ఆ రోజు పంచ్ పట్టుకున్నది ఎవరో మాకు తెలియాలి.

కాబట్టి సర్జన్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరుతో సహా మా తమ్ముడి కేసు రికార్డు, సమ్మతి పత్రం, సర్జరీకి ముందు తీసిన ఫొటోలు ఇవ్వండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. కట్టిన డబ్బు పూర్తిగా వాపసు ఇచ్చి, మిగిలిన ఈఎంఐలు రద్దు చేయించండి. ఇకపై అయ్యే చికిత్స ఖర్చు కూడా మీరే భరించాలి. మీ బ్రాంచ్ మేనేజర్ రెండో సిట్టింగ్ ఉచితంగా చేస్తామంటున్నారు. అది మాకు వద్దు. ఇప్పటికే పలచబడిన చోటినుంచి ఇంకా తీస్తామనడం పరిహారం కాదు. దీంతోపాటు, 25 ఏళ్ల లోపు వారెవరికైనా డాక్టర్ పరీక్ష పూర్తయ్యేదాకా అడ్వాన్స్ తీసుకోబోమని మీ బ్రాంచ్‌లన్నిటికీ రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. మా తమ్ముడు వచ్చిన రోజే అదే గదిలో వాడికంటే చిన్నవాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారట.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. తెలంగాణ వైద్య మండలికీ, జిల్లా వైద్యాధికారికీ ఫిర్యాదు చేస్తాం. ఫోన్‌లో మాట్లాడేది ఏమీ లేదు, జవాబు రాతపూర్వకంగా మా చిరునామాకు పంపండి.

జతపరిచినవి: బిల్లులు, ఈఎంఐ ఒప్పందం నకలు, డిశ్చార్జ్ కాగితం, చర్మవ్యాధి నిపుణురాలి రిపోర్టు, సర్జరీకి ముందూ తర్వాతా ఫొటోలు.

ఇట్లు,
పేషెంట్ అక్క (సంతకం)
పేషెంట్ (సంతకం)
కరీంనగర్