పులిచారలు దిద్దేవారేరీ?

సంపాదకులకు నమస్కారం.

రెండేళ్లకొకసారి చైత్రమాసంలో బరంపురంలో జరిగే ఠాకురాణి (అమ్మవారి) యాత్ర, ఒడియావారితో పాటు మా తెలుగు కుటుంబాలకూ ఇంటి పండుగే. మొక్కున్నవారు పిల్లలకు వేషాలు కట్టి, తామూ కట్టుకుని అమ్మవారి దర్శనానికి వెళ్తారు. గత యాత్రకు మా మనవడి వీపుపై పసుపు రంగు ఆరకముందే నేను నల్లచారలు దిద్దబోతే అవి కలిసిపోయి, వాడు పులి కాక మసిపిల్లి అయ్యాడు (వాడి అలక రెండు రోజులకు గానీ తీరలేదు). చారలు చక్కగా దిద్దే పెద్దలు మా వీధిలో ఇద్దరే మిగిలారు.

1936లో మా గంజాం జిల్లా ఒడిశాలో చేరినా, డప్పు మోగితే భాష అడిగేవారెవరూ లేరు. యాత్ర లేని ఏడాది పురపాలక అధికారులు ఏదైనా సభామందిరాన్ని ఆదివారం సాయంత్రాలు ఉచితంగా ఇప్పిస్తే, ఆ పెద్దల చేత పిల్లలకు రంగులు దిద్దడం, అడుగులు వేయడం నేర్పించుకోగలమని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా