ఆస్కార్‌కు తోడు ఎవరు? కొనేముందే తేల్చుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

మన విశాఖ నగరంలో రెండడుగుల అక్వేరియం కొన్నవాళ్లకు చాలా షాపుల్లో దాంతోపాటు ఏం కట్టిస్తున్నారో చూడండి. రెండు ఆస్కార్ చేపపిల్లలు, రెండు ఏంజెల్స్, నాలుగు గోల్డ్‌ఫిష్, అడుగున పాచి తినేస్తుందని చెప్పి ఒక సక్కర్. ఆ రోజుకి అన్నీ బొటనవేలంతే ఉంటాయి కాబట్టి ట్యాంకు కళకళలాడుతుంది. ఏడాది తిరిగేసరికి అందులో ఆస్కార్ మిగులుతుంది, బతికుంటే సక్కర్ మిగులుతుంది. 'మహా కోపిష్టి చేప, అన్నిటినీ మింగేసింది' అని ఇంటిల్లిపాదీ దాన్ని తిడతారు. అది తన పని తాను చేసింది. లెక్క తప్పింది కొన్న రోజున.

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, పారెట్, జాక్ డెంప్సీ, గ్రీన్ టెర్రర్, కాన్విక్ట్, షాపుల్లో 'ఆఫ్రికన్' అని అమ్మే రంగురంగుల చేపలు, ఇవన్నీ సిక్లిడ్ కుటుంబానివే. కేరళవాళ్ల కరిమీన్, మన మార్కెట్లో దొరికే తిలాపియా కూడా వీటి చుట్టాలే. ఆస్కార్ అమెజాన్ నదిది. కాన్విక్ట్, జాక్ డెంప్సీ మధ్య అమెరికావి. ఫ్లవర్‌హార్న్ ఏ నదిలోనూ పుట్టలేదు, 1990ల్లో మలేషియాలో సంకరం చేసి తీసిన రకం. వీటన్నిటికీ ఉన్న ఉమ్మడి గుణం, ఒక చోటును నాదని పట్టుకోవడం. గుడ్లు పెడితే ఆ పట్టు పదింతలవుతుంది, ఎందుకంటే చాలా రకాల్లో తల్లీతండ్రీ ఇద్దరూ పిల్లలకు కాపలా కాస్తాయి. కాబట్టి ముందు చూడాల్సింది చోటు.

రెండడుగుల ట్యాంకు, అంటే 24×12×12 అంగుళాలది, పట్టే నీళ్లు 56 లీటర్లు. పది పన్నెండు అంగుళాలు పెరిగే ఆస్కార్ అందులో వెనక్కి తిరగడానికే అవస్థ పడుతుంది. ఒక్క ఆస్కార్‌కైనా నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు కావాలి. అది 255 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోను చేపకు మిగిలేది 220 వరకు. రెండు ఆస్కార్లు, వాటితో ఒక గుంపు తోడు చేపలు అంటే ఆరడుగులు, రెండడుగులు, రెండడుగులు. అందులో నీళ్లే 680 కిలోలు, అద్దం, స్టాండు, రాళ్లు అదనం. అపార్ట్‌మెంటు హాల్లో దాన్ని స్లాబు నడిమధ్య పెట్టకూడదు. కింద బీమ్ ఉన్న గోడ వారగా, అద్దం కింద థర్మోకోల్ షీటు పరిచి పెట్టాలి. నాలుగడుగుల దానికి 10 ఎం.ఎం., ఆరడుగుల దానికి పైన అడ్డపట్టీలతో 12 ఎం.ఎం. అద్దం వేయించుకోవాలి.

ఇక తోడు. కొనబోయే తోడు చేప ఆస్కార్ లాంటి సిక్లిడ్ నోట్లో పడుతుందా, ఆ సిక్లిడ్ తిరిగే అంతస్తులోనే తిరుగుతూ దాని జాతిదానిలా కనిపిస్తుందా, ఇద్దరికీ ఒకే నీళ్లు పడతాయా? ఈ మూడూ అడిగితే షాపు అద్దాల వెనక ఉన్న చేపల్లో చాలావాటిని అక్కడే వదిలేసి రావచ్చు. ఆస్కార్‌తో బాగా సర్దుకునేవి సిల్వర్ డాలర్లు. ఆరు అంగుళాల దాకా పెరుగుతాయి, పళ్లెంలా ఉంటాయి కాబట్టి నోట్లో పట్టవు, చురుగ్గా తప్పించుకుంటాయి. అయితే ఆరుకు తక్కువ కాకుండా వేయాలి. ఒకటో రెండో వేస్తే ఆస్కార్ వాటినే వేటాడుతుంది, గుంపుగా ఉంటే ఎవరిని తరమాలో తెలియక ఊరుకుంటుంది. పైగా గుంపు నడుమ నీళ్లలో ధైర్యంగా తిరుగుతుంటే చుట్టూ ప్రమాదమేమీ లేదని సిక్లిడ్‌కూ తెలుస్తుంది, మూల వదిలి బయటికి వస్తుంది. ట్యాంకులో మొక్కలు మాత్రం ఒక్క ఆకు మిగలవు.

ఇక్కడ ఒక మోసం ఉంది. సిల్వర్ డాలర్ పేరుతో రూప్‌చంద్ పిల్లల్ని అమ్ముతుంటారు. ఆంధ్రా చెరువుల్లో కిలోల లెక్కన పెంచి మార్కెట్‌కు పంపే చేప అది. పిల్లగా ఉన్నప్పుడు పొట్ట ఎర్రగా, ఒంటి మీద నల్లచుక్కలతో ఉంటుంది. దాన్నే కొన్నిచోట్ల 'పిరానా' అని కూడా అంటగడతారు. పొట్ట ఎరుపు కనిపిస్తే వదిలేయండి. టైగర్ షార్క్ అనేది కూడా అంతే, అది పంగాసియస్. మీటరు దాకా పెరిగే చేపకు ఏ ఇంటి ట్యాంకూ చాలదు.

ఆరడుగుల ట్యాంకు ఉన్నవాళ్లు టిన్‌ఫాయిల్ బార్బ్‌లు ఐదు వేయవచ్చు. సక్కర్ వేస్తే ఒక్కటే వేయండి, అదీ నాలుగైదు అంగుళాలు ఉన్నదే. అడుగు శుభ్రం చేస్తుందన్న మాట నమ్మకండి. అది తినేదాని కంటే విసర్జించేదే ఎక్కువ కనిపిస్తుంది. కడుపు నిండకపోతే రాత్రిపూట ఆస్కార్ ఒంటి జిగురు నాకడం మొదలుపెడుతుంది. ఒక చెక్క దుంగ, దీపం ఆర్పాక దానికి విడిగా దోసకాయ ముక్క ఉంటే ఆ పాడు అలవాటు పడదు. పిక్టస్ లాంటి ముళ్లున్న చిన్న క్యాట్‌ఫిష్‌లు మాత్రం అసలు వద్దు. ఆస్కార్ మింగబోతుంది, అది రెక్కల ముళ్లు విప్పుతుంది, నోట్లో అడ్డంగా ఇరుక్కుని రెండూ పోతాయి. గోల్డ్‌ఫిష్‌కు చల్లటి నీళ్లు కావాలి, ఏంజెల్ రెక్కలు పొడవు, నడక మెల్లన. ఆ రెండూ ఇక్కడ మేతే.

ఫ్లవర్‌హార్న్‌కు తోడు వెతకడం దండగ. అదృష్టం తెస్తుందని కొనుక్కునేవాళ్లు కొనుక్కోండి, నాలుగడుగుల ట్యాంకులో ఒంటరిగా ఉంచండి. అద్దం బయట మీ వేలు చాలు దానికి పోట్లాడటానికి. కాన్విక్ట్ చూడ్డానికి నాలుగైదు అంగుళాలే, కానీ జత కట్టిందంటే నాలుగడుగుల ట్యాంకులో మూడడుగులు దానివి, మిగతావన్నీ ఓ మూల. ఒక్కదాన్నే పెంచండి, లేదా జతకు విడిగా రెండున్నర అడుగుల ట్యాంకు పెట్టండి.

ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలు, అంటే ఎల్లో ల్యాబ్ లాంటి, రాళ్ల మధ్య బతికే ఎంబూనాల లెక్క పూర్తిగా తలకిందులు. వాటిని పలచగా పెంచితే బలమైనది బలహీనమైనదాన్ని తరిమి తరిమి చంపుతుంది. నాలుగడుగుల ట్యాంకులో 18 నుంచి 20, ఒక మగదానికి మూడు ఆడవి చొప్పున, వెనక గోడంతా రాళ్ల గుట్టలతో ఉంచితే దెబ్బలు అందరికీ పంచుకుపోతాయి. వాటి నీళ్లు గట్టివి, అంటే సున్నపు లవణాలు ఎక్కువున్నవి, పీహెచ్ 7.8 నుంచి 8.6. వాటిలో చాలావాటి మేత స్పైరులినా అనే నాచు కలిసిన శాకాహారం. ఆస్కార్‌కు పెట్టే మాంసకృత్తుల పెల్లెట్లు పెడితే అవి పొట్ట ఉబ్బి చావొచ్చు. రంగు బాగుందని ఈ రెండు వర్గాల్ని కలిపేవాళ్లున్నారు, వద్దు. బోరు నీళ్లు గట్టివి కదా అని పోసేముందు కాఠిన్యం చూసే కిట్‌తో పరీక్షించండి. నీళ్లలో కరిగినవన్నీ కలిపి కొలిచే టీడీఎస్ మీటరు ఉప్పునూ కాఠిన్యాన్నీ విడదీసి చెప్పదు, తీరం దగ్గర బోర్లలో ఉప్పు కూడా ఉండొచ్చు.

సిక్లిడ్లు తవ్వుతాయి. ఇసుక పోశాక రాళ్లు పెడితే వాటి కింద తవ్వేసరికి రాయి జారి అద్దం పగులుతుంది. ముందు అడుగు అద్దం మీద పలచని ప్లాస్టిక్ షీటు, దాని మీద రాళ్లు, ఆ తర్వాత ఇసుక. ఒక మూల నుంచి చూస్తే రెండో మూల కనిపించకూడదు, కంటికి ఆనకపోతే తరమడం సగం తగ్గుతుంది. బీచ్ ఇసుక తేవద్దు. అందులో గవ్వల తునకలు నీళ్లను గట్టిపరుస్తాయి, ఆస్కార్‌కు అది పనికిరాదు. భీమిలి వైపు నల్ల ఇసుకతో ఇంకో చిక్కు కూడా ఉంది. దానిలో ఇనుము కలిసిన రేణువులు అయస్కాంతపు గ్లాస్ క్లీనర్‌కు అంటుకుంటాయి. తుడిచిన చోటల్లా అద్దం మీద వెంట్రుకవాసి గీతలు పడతాయి, ఇక పోవు. జల్లెడ పట్టి, తేట నీళ్లు వచ్చేదాకా కడిగిన నది ఇసుక మేలు.

చేపల్ని వేసే వరుస కూడా ముఖ్యమే. ఫిల్టర్ నడుస్తూ, అందులో మంచి బ్యాక్టీరియా పెరిగి, నీళ్లలో విషాలైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అంతవరకూ ఆగాలి. తర్వాత తోడు చేపలు ముందు, రౌడీ చివర. పాత ట్యాంకులోకి కొత్తది తేవాల్సి వస్తే రౌడీని ఒక టబ్బులోకి తీసి, రాళ్లన్నీ చోటు మార్చి, కొత్తదాన్ని ముందు వదిలి, దీపం ఆర్పాక పాతదాన్ని వేయాలి. ఫాల్స్ సీలింగ్ లైట్లకు వాడే గళ్ల ప్లాస్టిక్ షీటును కొలతకు కోసి వారం రోజులు అడ్డంగా పెడితే ఇంకా మంచిది.

సమఉజ్జీలు పక్కపక్కన నిలబడి మొప్పలు విప్పడం, ఒళ్లు వణికించడం, నోళ్లు పట్టుకుని తోసుకోవడం బలం తేల్చుకోవడమే. కాసేపట్లో ఒకటి రంగు తగ్గించి తప్పుకుంటుంది. తప్పుకున్నా వదలకుండా తరుముతుంటే అది వేరు. రెక్క చివర్లు చిరిగి, ఒళ్లు నల్లబడి, ఫిల్టర్ పైపు వెనక నీటి పైభాగాన తలెత్తి వేలాడుతూ మేతకు రాని చేపను ఆ రోజే తీసేయాలి, రేపు చూద్దాం అనుకుంటే తెల్లారేసరికి తేలుతుంది.

నీళ్ల సంగతి. 255 లీటర్ల ట్యాంకుకు గంటకు 1500 నుంచి 2000 లీటర్లు తిప్పే ఫిల్టర్ ఉండాలి. వారానికి 30 నుంచి 40 శాతం నీళ్లు మార్చాలి. జీవీఎంసీ, అంటే మన నగరపాలక సంస్థ, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి యాంటీ క్లోరిన్ వేయాలి, లేదా డ్రమ్ములో ఎయిర్ స్టోన్ పెట్టి ఒకరోజు ఉంచాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకూడదు, క్లోరిన్‌కు అందులోని మంచి బ్యాక్టీరియా చస్తుంది, ట్యాంకు నుంచి తీసిన నీళ్లలో పిండాలి. మురికి నీళ్లలో ఆస్కార్ తల మీద గుంటలు పడతాయి. మందు కన్నా ముందు నీళ్లు మార్చడం మొదలుపెట్టాలి.

మే నెలలో నీళ్లు 31, 32 డిగ్రీలకు పోతాయి, ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలకు చిరాకూ పెరుగుతుంది. నీళ్ల మీద ఫ్యాన్ పెట్టమని హైదరాబాద్‌వాళ్లు చెప్తారు. మన ఉక్కపోతలో నీరు అంతగా ఆవిరి కాదు కనుక అక్కడంత ఫలితం ఉండదు. ఎయిర్ పంపు ఇంకొకటి పెట్టి మేత సగానికి తగ్గించడం నయం. ఐసు ముక్కలు వేయకండి. తుపాను రోజులకు బ్యాటరీ ఎయిర్ పంపు ఇంట్లో ఉండాల్సిందే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేని ఊరు మనది. కరెంటు కొన్ని గంటలకు మించి పోతే క్యానిస్టర్ ఫిల్టర్‌ను, అంటే ట్యాంకు బయట ఉండే మూత బిగించిన డబ్బా ఫిల్టర్‌ను, తిరిగి అలాగే ఆన్ చేయకూడదు. లోపల నీళ్లు కుళ్లి ఉంటాయి, పారబోసి కడిగాకే. ఆ రోజుల్లో మేత అసలు వేయకండి, పెద్ద చేప వారం పస్తు ఉండగలదు.

మేతకు బతికున్న గోల్డ్‌ఫిష్ వేసి పిల్లలకు చూపించడం మానాలి. రోగాలు వస్తాయి, ఆ చేపల్లో ఉండే ఒక ఎంజైమ్ బీ1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. మంచి పెల్లెట్లు, వారానికోసారి హార్బర్ నుంచి తెచ్చి పొట్టు వలిచిన పచ్చిరొయ్య ముక్క చాలు.

షాపులవారికి ఒక విన్నపం. ప్రతి ట్యాంకు మీదా ధర రాసే చీటీలోనే ఆ చేప పెద్దయ్యాక ఎన్ని అంగుళాలో, కనీసం ఎంత ట్యాంకు కావాలో రెండు అంకెలు రాయండి. పెరిగిన చేపను వెనక్కి తీసుకుంటారో లేదో అమ్మేముందే చెప్పండి. కొనేవాళ్లు కూడా ఆ మాట అడిగాకే డబ్బులివ్వండి. వెనక్కి తీసుకోకపోతే పెద్ద ట్యాంకు ఉన్న ఇంకో పెంపకందారుకు ఇవ్వవచ్చు, ముడసర్లోవ జలాశయంలోనో మేఘాద్రిగెడ్డ జలాశయంలోనో వదలడం మాత్రం కుదరదు. డెవిల్ ఫిష్ అని పత్రికల్లో వస్తున్న చేప ఇలా వదిలేసిన సక్కరే.

ఇట్లు,
అక్వేరియం పెంపకందారులు కొందరు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం