మా బిల్లింగ్ సర్వర్‌ని బతికించిన బావకి థాంక్స్

గురువారం రాత్రి పదకొండున్నరకి లాన్ కార్డు పక్కన పచ్చ లైటు వెలిగింది. అప్పటికి మూడు రోజులుగా షాపులో చేతిబిల్లులే. ఆ లైటు వెనక ఉన్నది మా మేనత్త కొడుకు. పేరు రాయొద్దన్నాడు, అందుకే బావ అనే రాస్తున్నాను.

మాది మందుల హోల్‌సేల్. సర్వర్‌లో సెంట్‌ఓఎస్ 7 (లినక్స్‌లో ఒక రకం). బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు వేరే ఓఎస్ మీద నడవదని చేతులెత్తేశారు. పిడుగు పడ్డ రోజు మదర్‌బోర్డు మీది లాన్ పోర్టు పోయింది. కొత్తగా తెచ్చిన కార్డులో రియల్‌టెక్ 8125 చిప్పు. కార్డు ఉన్నట్టు ఎల్‌ఎస్‌పీసీఐలో (మెషీన్‌లోని కార్డుల జాబితా చూపే కమాండ్) కనిపిస్తుంది కానీ సెంట్‌ఓఎస్ 7తో వచ్చిన 3.10 కెర్నెల్‌కి (హార్డ్‌వేర్‌ని నడిపే ఓఎస్ గుండెకాయకి) దాన్ని నడపడం రాదు. కెర్నెల్‌తో వచ్చే ఆర్8169 డ్రైవర్ (కార్డుని నడిపే ప్రోగ్రామ్) ఈ చిప్పుని గుర్తుపట్టడం కెర్నెల్ 5.4 నుంచే. (ఆ కంపెనీ డ్రైవర్ ఒక్కటే విడిగా కంపైల్ చేసుకుంటే, అంటే సోర్స్ కోడ్ నుంచి తయారు చేసుకుంటే, సరిపోయేదట. ఆ సంగతి మొత్తం పనయ్యాక తెలిసింది. నవ్వుకోండి.)

సరే, కొత్త కెర్నెల్ 5.15 కంపైల్ చేద్దామని ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్‌తో సోర్స్ దించుకుని కూర్చున్నాను. ముందు ఫ్లెక్స్ లేదంది, తర్వాత బైసన్ లేదంది (రెండూ కంపైల్‌కి కావాల్సిన టూల్స్). అవి పెడదామంటే సాఫ్ట్‌వేర్ దించి పెట్టే యమ్ పని చేయదు, ఎందుకంటే సెంట్‌ఓఎస్ 7 సపోర్ట్ గడువు 2024 జూన్ 30తో అయిపోయింది. రెపో (సాఫ్ట్‌వేర్ దొరికే చోటు) అడ్రసులన్నీ వాల్ట్‌కి, అంటే పాత వెర్షన్లు దాచే సర్వర్‌కి, మార్చమని బావ చెప్పాడు. మార్చి, రెండూ పెట్టాక వచ్చిన మెసేజ్ ఇది: సీ కంపైలర్ మరీ పాతది, నీ జీసీసీ 4.8.5, కనీసం కావాల్సింది 5.1.0. జీసీసీ అంటే ఆ కంపైలరే.

ఇక్కడ బావ కమాండ్లు చెప్పకుండా ఒక ఫైలు తెరిపించాడు. సోర్స్‌లోనే డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో, ప్రాసెస్ కింద, చేంజెస్ అని ఉంటుంది. కెర్నెల్‌కి ఏ సాఫ్ట్‌వేర్ కనీసం ఏ వెర్షన్‌ది కావాలో అందులో పట్టీ వేసి ఉంది. పట్టీ చూసి నాకు టెన్షన్ వచ్చేసింది. రైజర్ ఎఫ్ఎస్ (ఒక పాత డిస్కు ఫార్మాట్) టూల్స్, పీసీఎంసీఐఏ (పాత ల్యాప్‌టాప్ కార్డులవి), స్ఫింక్స్... "నీకు రైజర్ డిస్కు ఉందా బావా? లేదుగా, ఆ లైను వదిలెయ్. డాక్యుమెంట్లు తయారు చేస్తావా? స్ఫింక్స్ కూడా వదిలెయ్" అంటూ ఫోన్‌లోనే ఒక్కో లైనూ కొట్టేయించాడు. స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని వెర్_లినక్స్ నడిపితే నా దగ్గరున్న వెర్షన్లు బయటపడ్డాయి. కంపైల్‌ని నడిపే మేక్ 3.82, దానికి తోడుండే బైన్‌యుటిల్స్ 2.27, రెండూ చాలు. తేడా వచ్చింది జీసీసీ దగ్గరే.

దానికి కొత్త జీసీసీ ఉన్న డెవ్‌టూల్‌సెట్ 9 ప్యాకేజీ పెట్టించాడు. పాత జీసీసీని కదపకుండా పక్కన ఇంకోటి నిలబెట్టే పద్ధతి అది. టీ తాగొచ్చి కొత్త టెర్మినల్ తెరిచి మేక్ కొట్టాను, మళ్లీ 4.8.5 అంటుంది! "ఎస్‌సీఎల్ ఎనేబుల్ కమాండ్ కొట్టిన షెల్‌లోనే, అంటే ఆ టెర్మినల్‌లోనే, కొత్త జీసీసీ ఉంటుంది బావా, నువ్వు బయటికొచ్చేశావు" అని నవ్వాడు. తర్వాత లిబ్‌ఎల్ఫ్ డెవెల్ ప్యాకేజీ అడిగింది, పెట్టేశాను.

నేను ఊహించనిది మాత్రం వేరే ఉంది. టైమ్ తగ్గుతుందని లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడాను. అది ప్రస్తుతం లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్‌నే (డ్రైవర్ల వంటివి) ఉంచి మిగతావి తీసేస్తుంది. కంపైల్ మొదలుపెట్టబోతుంటే బావ అడిగాడు: "ఆర్8169 ఉందా అందులో?" లేదు. పాత కెర్నెల్‌లో కార్డే పని చేయకపోతే దాని డ్రైవర్ ఎలా లోడ్ అవుతుంది! ఏ కార్డు కోసం ఇంత కష్టపడుతున్నానో దాని డ్రైవర్నే వదిలేసి కంపైల్ చేయబోయాను. కెర్నెల్‌లో ఏవి ఉండాలో ఎంచుకునే మెనూకాన్ఫిగ్‌లో దాన్ని ఆన్ చేయించాడు. గ్రబ్‌లో (బూట్ మెనూ) పాత కెర్నెల్ ఎంట్రీ జోలికి పోవద్దని మూడుసార్లు చెప్పాడు. పోలేదు, ఇప్పటికీ అలాగే ఉంది.

బావా, పొద్దున్నే ఆఫీసు పెట్టుకుని మూడు రాత్రులు నాతో మేలుకున్నావు. చాలా చాలా థాంక్స్. ఆ మూడు రోజులూ విసుక్కోకుండా చేతిబిల్లులు రాసిన మా షాపు కుర్రాళ్లకీ, ఆ రాత చదవలేక తలపట్టుకున్నా ఒక్క సరుకూ వెనక్కి పంపని మెడికల్ షాపులవాళ్లకీ కూడా. అత్తయ్యకి చెప్పు, పండక్కి పూతరేకులు నేనే తెస్తున్నాను.