హర్షం వ్యక్తం చేసిందెవరు సార్?

ఎడిటర్ గారికి నమస్తే,

పానగల్ ఉదయ సముద్రం చెరువు కాడ జరిగిన ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు ఒకదానెనక ఒకటి చేసే పోటీ) మీద మీ జిల్లా పేజీల వచ్చిన వార్త చూసిన. "పాల్గొన్నవారు హర్షం వ్యక్తం చేశారు" అని రాసిన్రు. పాల్గొన్నోళ్లల్ల నేనొకన్ని. నన్నెవరూ అడగలే, నా పక్కన సైకిల్ పెట్టుకున్నోళ్లను గూడ అడగలే. పోనీలే అని ఊకున్న గానీ ఆ కటింగ్ ఇంకా వాట్సాప్ గ్రూపులల్ల తిరుగుతుంటే రాయకుండ ఉండబుద్ధి కాలే.

ముందుగాల మంచే చెప్త. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, ఆ మీద 21 కిలోమీటర్ల పరుగు, అంతా ఎనిమిదిన్నర గంటల్ల అయిపోవాలె. 2019ల గోవాల ఐరన్‌మ్యాన్ 70.3 అని ఇవే దూరాల పోటీ మొదలైన సంది దానికోసం ఇక్కడోళ్లు సైకిళ్లు విప్పి డబ్బాలల్ల పెట్టుకొని అంత దూరం పోయొచ్చిన్రు. అసొంటిది కందూరు చోళ్ల కాలం నాటి మన చెరువుల, కృష్ణా నీళ్లల్ల ఈదొచ్చంటే ఎవరికి సంబరం కాదు. పడవలు మంచిగ పెట్టిన్రు, నీళ్లల్ల దారి తెలిసేటట్టు నారింజ రంగు బెలూన్లు కట్టిన్రు, వాలంటీర్ పిల్లలు తెల్లారకముందే వచ్చి నిలబడ్డరు. వాళ్ల పేర్లు మీ వార్తల ఒక్కటి లేదు, స్టేజీ మీద కూసున్నోళ్లయి మాత్రం హోదాతో సహా వరుసగ ఉన్నయి.

ఈత ఆరింటికన్నరు. మేం ఐదున్నరకే బట్టలిప్పి, టోపీలు పెట్టుకొని, చేతుల మీద మార్కర్‌తో నంబర్లు రాపిచ్చుకొని ఒడ్డున నిలబడ్డం. ముఖ్య అతిథి రావాలె అన్నరు. ఆరున్నరాయె, ఏడాయె, చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నయి, నాలుగింటికి తిన్న ఇడ్లీ ఎప్పుడో అరిగిపోయింది, మైకుల మాత్రం "మరికొద్ది సేపట్లో". ఆఖరికి కార్లు వచ్చినయి, వచ్చి ఎక్కడ ఆగినయి, సరిగ్గ మేం సైకిళ్లు బయటికి తీసే దారికి అడ్డం. ఇగ శాలువాలు, బొకేలు, జ్యోతి ప్రజ్వలన. కట్ట మీది గాలికి ఆ దీపం నిలవదు, వీళ్లు వదలరు. మాట్లాడినోళ్లల్ల ఒకాయన అయితే "ఈత అయినంక మళ్ల సైకిల్ గూడ తొక్కుతరా" అని మైకులనే అడిగిండు. ఎనిమిదికి పది నిమిషాలు తక్కువుండంగ జెండా ఊపిన్రు.

రెండు గంటలైతే ఏమైతది అంటరా? పొద్దెక్కితే చెరువు మీద గాలి లేస్తది, అల మొఖానికి కొడుతుంటే తల లేపినా బెలూన్ కనపడదు. పోలీసులు రోడ్డు పదకొండింటి దాకనే ఆపిన్రు, అవతల లారీలు, ట్రాక్టర్లు, మేము, అందరం సాగర్ రోడ్డు మీద ఒక్కకాడ్నే. కనగల్ దాటినంక సగం రోడ్డు వడ్లే. రైతును అనబుద్ధి కాదు, కల్లం లేనోడు యాడ ఆరబోస్తడు, కానీ సన్న టైరు వడ్ల మీద ఎట్ల జారుతదో ఒక్కసారి ఆ అధికారులు తొక్కి చూస్తే తెలుస్తది. ఇగ పరుగు మొత్తం నడినెత్తిన ఎండల.

ఇంకో ఘోరం. మొదలు లేటు గానీ కటాఫ్, అంటే ఒక్కో భాగం ముగించాల్సిన గడువు, మాత్రం కాయితం మీద అచ్చేసిన టైం ప్రకారమే! దేవరకొండ దిక్కు పిలగాడు, ఎవరిదో సైకిల్ అడుక్కొచ్చుకున్నడు, మూడున్నర గంటల్ల 90 కిలోమీటర్లు తొక్కొచ్చి బూట్లు కట్టుకుంటుంటే టైం అయిపోయిందని, మా టైం లెక్కగట్టే చిప్ గుంజుకున్నరు. ఆయన టైం తిన్నది శాలువాలు. ఎవరినన్న అడుగుదమంటే స్టేజీ మీదోళ్లంతా అప్పటికే బిర్యానీ తిని వెళ్లిపోయిన్రు.

మొదటిసారి కదా, సర్దుకోవాలె అంటున్నరు. 1978ల హవాయిల ఐరన్‌మ్యాన్ గూడ మొదటిసారే, 15 మంది దిగితే 12 మంది పూర్తి చేసిన్రు, అది మాకంటే డబుల్ దూరం. మన దగ్గర ఏది పెట్టినా ఇదే కథ. మొక్కలు నాటుడైనా, బడి పిల్లల ఆటల పోటీలైనా పిల్లలు ఎండల నిలబడాలె, పెద్దమనుషులు నీడకు కూసోవాలె. ఎండాకాలం వస్తే చాలు సాగర్ కాలువల పిల్లలు కొట్టుకపోయిన వార్తలు మీరే వేస్తరు, ఊరికొక ఈత మాస్టర్‌ను పెట్టుమంటే పైసల్లేవంటరు, ఫ్లెక్సీలకు మాత్రం ఉంటయి.

వచ్చే ఏడు పెడితే అతిథులను సాయంత్రం మెడల్స్ ఇయ్యడానికి పిలువుండ్రి, ఎంత లేటొచ్చినా మాకు నష్టం లేదు. ఆ దేవరకొండ పిలగానికి ఫీజన్న వాపస్ ఇయ్యాలె. మీరు గూడ జెండా ఫొటో వేసిన్రు గానీ గెలిచినోళ్లెవరో వేయలే. రిజల్ట్స్ షీట్ నా దగ్గరున్నది, ఈ లెటర్‌తోనే పంపుతున్న, జాగ ఉంటే ఆడోళ్లల్ల ఫస్ట్ వచ్చినామె పేరన్న వేయుండ్రి.

— ఒక పాఠకుడు, నల్లగొండ