పుక్కిట కిరోసిన్‌తో ఆటలా?

అయ్యా,

మొన్న బోనాల ఊరేగింపులో, పాతబస్తీలో, పదిహేనేళ్లు కూడా నిండినట్టు లేని ఒక కుర్రవాడు పుక్కిట కిరోసిన్ పట్టి కాగడా మీదికి ఊదుతుండగా చూశాను. మంట ఎగసిన ప్రతిసారీ జనం ఈలలు వేశారు గాని, అతడు పక్కకు తిరిగి దగ్గుతూ చొక్కా చేతికి మూతి తుడుచుకోవడం ఎవరూ పట్టించుకోలేదు. నిప్పు మింగడంలో మెలకువ ఉన్నది: తల వెనక్కి వాల్చి, ఊపిరి మెల్లగా వదులుతూ పెదవులు మూస్తే గాలి అందక మంట ఆరిపోతుంది. అది విద్యే, కాదనను. కిరోసిన్ సంగతి వేరు. పలుచనిది కావడంతో పొరపాటున గొంతు దిగితే ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది, కంగారులో వాంతి చేయిస్తే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. మైనర్లచేత ఈ ఆట ఆడించరాదనే షరతును ఊరేగింపు అనుమతి పత్రంలోనే చేర్చాలని పోలీసు అధికారులను కోరుతున్నాను.

ఒక పాఠకుడు, శాలిబండ, హైదరాబాద్